పాత వీల్ హార్స్ గార్డెన్ ట్రాక్టర్‌లో గేర్ ఆయిల్ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఊరికి కాస్త దూరంగా, అరెకరమో ఎకరమో పెరడున్న ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది కొత్త గడ్డి మిషన్ల ధరలు చూసి వెనక్కి తగ్గుతారు. ఎస్టేట్ సేల్‌లోనో, పక్కింటి పెద్దాయన దగ్గరో ఎర్ర రంగు పాత ట్రాక్టర్ ఒకటి తెచ్చుకుంటారు. ఇంజన్ ఆయిల్ అందరూ మారుస్తారు. వెనక చక్రాల మధ్య ఉన్న గేర్ బాక్స్ జోలికి మాత్రం ఎవరూ పోరు. అందులో ఉన్నది ముప్పై నలభై ఏళ్ల నాటి ఆయిల్ అయినా ఆశ్చర్యం లేదు. ఇక్కడి జవాబులు ముఖ్యంగా గేర్ రాడ్ ఉన్న వీల్ హార్స్ ట్రాక్టర్ల గురించి. మిగతా కంపెనీల సంగతి చివర్లో కొంచెం ఉంది.

వీల్ హార్స్ కంపెనీ ఇప్పుడు ఉందా? మాన్యువల్ దొరుకుతుందా?

ఎల్మర్ పాండ్, ఆయన కొడుకు సెసిల్ పాండ్ 1946లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో చేతికి వెళ్లింది. 2007 తర్వాత ఆ పేరుతో ట్రాక్టర్లు రావడం ఆగిపోయింది. టోరో వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొడితే పాత వీల్ హార్స్ మాన్యువల్స్ ఉచితంగా దొరుకుతాయి. ముందు అది దించుకోండి. ఇక్కడ రాసిన దానికీ మీ మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్ మాటే నమ్మండి.

నాది గేర్లదా, హైడ్రోస్టాటిక్‌దా? ఎలా తెలుస్తుంది?

బానెట్ పక్కన మోడల్ పేరుతో పాటు 'ఆటోమేటిక్' అని ఉంటే అది హైడ్రోస్టాటిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో నడిచేది. గేర్లు ఉండవు, ఒకే లివర్ ముందుకూ వెనక్కూ తోస్తే నడుస్తుంది. సీటు ముందు, మీ కాళ్ల మధ్య గేర్ రాడ్ ఉండి 1, 2, 3, రివర్స్ పడుతుంటే గేర్ల ట్రాన్స్‌మిషన్. దాని పక్కనే హై, లో అని ఇంకో చిన్న లివర్ కూడా ఉంటే అది బాగా పేరుపొందిన 8 స్పీడ్: ముందుకు 6, వెనక్కి 2. ఈ తేడా ముందే తేల్చుకోవాలి. రెండింటిలో పోసే ఆయిల్ వేరు. ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోస్తే ఖర్చు ట్రాక్టర్ ధరను దాటిపోతుంది.

ఎప్పుడు మార్చాలి?

కొన్న వెంటనే. "ఈ మధ్యే మార్చాను" అని అమ్మినాయన చెప్పినా సరే. ఆ తర్వాత ఇంటి వాడకానికి రెండు మూడేళ్లకోసారి చాలు. గడువు కంటే ముఖ్యమైనది ఆయిల్ రంగు. ఇంజన్‌లో అయితే మసి, వేడి ఆయిల్‌ని పాడుచేస్తాయి. ఈ గేర్ బాక్స్‌లో అవేమీ లేవు. గేర్లు నెమ్మదిగా తిరుగుతాయి, పెద్దగా వేడెక్కదు. మంచి ఆయిల్ నీళ్లు తగలకుండా ఉంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నీళ్లు తగిలితే ఒక్క శీతాకాలంలో పనికిరాకుండా పోతుంది. అంటే మీరు లెక్క పెట్టాల్సింది ట్రాక్టర్ నడిచిన గంటల్ని కాదు, వానలో నిలబడ్డ రోజుల్ని.

ఏ ఆయిల్ పోయాలి? ఎంత?

గేర్ ఆయిల్. 80డబ్ల్యూ-90 గానీ 85డబ్ల్యూ-140 గానీ. 8 స్పీడ్ ట్రాన్స్‌మిషన్‌కి 2 క్వార్టులు, అంటే దాదాపు 1.9 లీటర్లు పడుతుంది. చలికాలంలో మంచు తోయడానికి కూడా వాడేవాళ్లు 80డబ్ల్యూ-90 తీసుకోండి, చలికి గేర్ రాడ్ మొరాయించదు. ఎండాకాలంలోనే వాడతాం, సీల్స్ దగ్గర కాస్త చెమ్మ కూడా ఉంది అనుకుంటే 140 నయం, చిక్కగా ఉంటుంది కాబట్టి కారడం తగ్గుతుంది. ఖరీదైన సింథటిక్ ఈ పాత గేర్లకు దండగ అని నా అభిప్రాయం. ఆ డబ్బుతో రెండుసార్లు మామూలు ఆయిల్ మార్చుకోవచ్చు.

90 అంటే 30 నంబర్ ఇంజన్ ఆయిల్ కంటే మూడు రెట్లు చిక్కనా?

కాదు. గేర్ ఆయిల్ నంబర్లకు ఒక కొలమానం, ఇంజన్ ఆయిల్ నంబర్లకు ఇంకో కొలమానం. వేడి మీద చూస్తే 90 గేర్ ఆయిల్, 40-50 ఇంజన్ ఆయిల్ ఇంచుమించు ఒకే చిక్కదనం. అసలు తేడా కలిపే మందుల్లో ఉంది. పళ్ల మధ్య నలిగే ఒత్తిడిని తట్టుకోవడానికి గేర్ ఆయిల్‌లో గంధకం, ఫాస్ఫరస్ సమ్మేళనాలు కలుపుతారు. ఆ కంపు వాటిదే. చొక్కా మీద పడితే ఎన్ని ఉతుకులకూ వదలదు, పాతది వేసుకోండి.

జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోస్తే ఇత్తడి భాగాలు పాడవుతాయంటారు, నిజమేనా?

ఆ భయం ఎక్కువగా పాత కార్ల గేర్ బాక్సుల నుంచి వచ్చింది. వాటిలో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. జీఎల్-5లో ఉండే ఘాటైన మందులు వాటికి పడవని అంటారు. వీల్ హార్స్‌లో సింక్రో రింగులే లేవు. పళ్లు పక్కకు జరిగి ఒకదానిలో ఒకటి పడే పాతకాలపు పద్ధతి. అందుకే ట్రాక్టర్ పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి గేరు మార్చాలి, నడుస్తుండగా మారిస్తే పళ్లు విరుగుతాయి. జీఎల్-5 నిశ్చింతగా పోయండి.

ఊళ్లో నాన్నగారు పొలం ట్రాక్టర్‌లో వెనక పోసే ఆయిల్ ఇందులో పోయొచ్చా?

ఈ ప్రశ్న మన దగ్గరే వస్తుంది, అడగాల్సిన ప్రశ్నే. ఇప్పటి పొలం ట్రాక్టర్లలో గేర్లు, హైడ్రాలిక్ లిఫ్టు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు అన్నీ ఒకే ఆయిల్ మీద నడుస్తాయి. ఆ ఆయిల్ ఆ మూడు పనులకూ సరిపోయేలా పలచగా తయారవుతుంది. వీల్ హార్స్ గేర్ బాక్స్‌లో హైడ్రాలిక్స్ లేవు, బ్రేకు బయట డ్రమ్ము మీద ఉంటుంది. దానికి ఆ పలచటి ఆయిల్ అక్కర్లేదు. మన మెకానిక్కులు "నైంటీ ఆయిల్" అనే పాతకాలపు గేర్ ఆయిల్ ఉంది చూడండి, దీనికి కావాల్సింది అదే.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

పాత ఆయిల్ పట్టడానికి వెడల్పాటి తొట్టి, పొడుగు గొట్టమున్న గరాటు, సాకెట్ సెట్టు (మిల్లీమీటర్ల సెట్టు కాదు, అంగుళాలది), వైర్ బ్రష్, టెఫ్లాన్ టేపు, పాత గుడ్డలు, రెండు క్వార్టుల ఆయిల్. తుప్పు పట్టిన ప్లగ్గు మీద కొట్టడానికి తుప్పు వదిలించే స్ప్రే. లోపల కడిగే పని పడొచ్చు కాబట్టి ఇంకో రెండు క్వార్టులు చవక ఆయిల్ తెచ్చి పెట్టుకుంటే మధ్యలో షాపుకు పరుగెత్తాల్సిన పని ఉండదు.

సరే, పని ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఆయిల్ పోసే చోటు తెరుచుకుంటుందో లేదో చూడండి. ఇది మొట్టమొదటి పని, దీనికి మినహాయింపు లేదు. ఆయిల్ అంతా దించేశాక పై మూత రాకపోతే ట్రాక్టర్ అక్కడే కదలకుండా ఉండిపోతుంది. తర్వాతి మోడల్స్‌లో సీటు కింద ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ ఉంటుంది, అక్కడి నుంచే పోయొచ్చు. పాతవాటిలో మట్టం చూసే ప్లగ్గు విడిగా ఉంటుంది. పోయడానికి చోటు ఇరుకైతే గేర్ రాడ్డే తీసేయొచ్చు: న్యూట్రల్‌లో పెట్టి, పక్కనున్న సెట్ స్క్రూ వదులు చేస్తే రాడ్డు పైకి వస్తుంది. ఏ ముఖం ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఏది విప్పినా ముందు చుట్టూ తుడవాలి. సీటు కింద ఏళ్ల నాటి గడ్డి, మట్టి, జిడ్డు పేరుకుని ఉంటాయి. శుభ్రం చేయకుండా మూత తీస్తే ఆ మట్టంతా సరాసరి గేర్ల మీద పడుతుంది.

ట్రాక్టర్‌ని ఒక పది నిమిషాలు తిప్పి తీసుకొస్తే అడుగున ఉన్న మడ్డి కదిలి ఆయిల్‌తో పాటు బయటికి వస్తుంది. కానీ కొత్తగా కొన్న ట్రాక్టర్ అయితే నేను వేరే మాట చెబుతాను. మొదటిసారి తిప్పకుండా, రాత్రంతా నిలబడి ఉన్నదాన్ని పొద్దున్నే చూడండి. డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేసి పావు గ్లాసు ఆయిల్ మాత్రం పట్టి చూడండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కదా, అడుగున ఉంటాయి, ముందు అవే వస్తాయి. లోపల పరిస్థితి ఏమిటో ఆ పావు గ్లాసులోనే తెలిసిపోతుంది. ప్లగ్గు బిగించి, అప్పుడు తిప్పి తెచ్చి అసలు పని మొదలుపెట్టొచ్చు.

సమతలంగా ఉన్న చోట ఆపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి. కింద చోటు చాలకపోతే వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఈ ట్రాక్టర్లు దాదాపు 300 కిలోల బరువుంటాయి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. డ్రెయిన్ ప్లగ్గు గేర్ బాక్స్ అడుగున ఉంటుంది. అది తీశాక పై మూత కూడా తీస్తే గాలి ఆడి ఆయిల్ గబగబా దిగుతుంది. తొందరేమీ లేకపోతే రాత్రంతా కారనివ్వండి. చిక్కటి ఆయిల్ గోడలకు అంటుకుని ఉంటుంది, చివరి గిద్దెడు దిగడానికే చాలాసేపు పడుతుంది, మడ్డి ఎక్కువగా ఉండేదీ అందులోనే.

ప్లగ్గు మరలు బ్రష్‌తో శుభ్రం చేసి, టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించండి. బలమంతా ఉపయోగించి బిగించొద్దు, పైపు మరలు లోపలికి పోయేకొద్దీ వాటంతట అవే బిగుస్తాయి. రెండు క్వార్టులు ఒకేసారి గుమ్మరించకుండా ఒకటిన్నర దాకా పోసి, కాసేపు ఆగి, మట్టం చూసుకుంటూ మిగతాది పోయండి. డిప్‌స్టిక్ ఉంటే దాన్ని మర బిగించి కొలవాలా, ఊరికే ఆనించి కొలవాలా అన్నది మాన్యువల్‌లో చూడండి. ఆ ఒక్క తేడాతో లెక్క తప్పుతుంది.

డ్రెయిన్ ప్లగ్గు ఎంతకీ రావడం లేదు. ఏం చేయాలి?

ముందు రోజు సాయంత్రం స్ప్రే కొట్టి వదిలేయండి. తల సరిగ్గా పట్టే పానా వాడండి. అడ్జస్టబుల్ పానాతో పట్టి జారిస్తే మూలలు అరిగి పని రెట్టింపవుతుంది. సుత్తితో తల మీద నాలుగైదు చిన్న దెబ్బలు వేస్తే తుప్పు పట్టు వదులుతుంది. అయినా రాకపోతే పై నుంచి పంపుతో లాగేయొచ్చు. అయితే చేతి పంపు అడుగున ఉన్న మడ్డినీ నీళ్లనీ పూర్తిగా లాగదు. దాన్ని తాత్కాలికం అనుకోండి.

ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చింది. గేర్ బాక్స్ పోయినట్టేనా?

పోలేదు. నీళ్లు కలిసిన ఆయిల్ ఆ రంగులోనే ఉంటుంది. పాత వీల్ హార్స్‌లలో ఇది చాలా మామూలు. ఆయిల్ మార్చి ఊరుకుంటే మాత్రం వచ్చే వసంతానికి మళ్లీ అదే రంగు వస్తుంది. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో పట్టుకోవడమే ఇక్కడ అసలు పని, ఆయిల్ మార్చడం అందులో సగం మాత్రమే.

నూటికి తొంభై పాళ్లు దోషం గేర్ రాడ్ అడుగున చుట్టూ తొడుగులా ఉండే రబ్బరు బూటుది. ఎండకు ఆ రబ్బరు చీలికలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఊడిపోయి ఉంటుంది. ట్రాక్టర్ ఆరుబయట నిలబడితే వాన నీళ్లు రాడ్డు వెంబడి జారి, తిన్నగా గేర్ బాక్స్‌లోకి పోతాయి. మూత తెరిచి పెట్టి నీళ్లు పోసినట్టే. ఈ బూటు కొత్తది దొరుకుతుంది, ధర చాలా తక్కువ. రాడ్డు పైకి తీసినప్పుడే మార్చేస్తే అయిదు నిమిషాల పని. బూటు వచ్చేలోగా చుట్టూ టేపు చుట్టి, ప్లాస్టిక్ సంచి కట్టినా సరే, ఖాళీగా మాత్రం వదలొద్దు.

రెండో దారి, మూత లేని లేదా సరిగ్గా కూర్చోని డిప్‌స్టిక్. మూడో దారి మనమే: గడ్డి కోశాక ప్రెషర్ వాషర్‌తో సీటు కింద కొట్టడం. అంత ఒత్తిడికి పాత సీల్స్ నీటిని ఆపలేవు. గడ్డిని బ్రష్‌తోనో గాలితోనో దులపండి. ఇవేవీ లేకుండా కూడా చలి, వేడి మారే రోజుల్లో లోపలి గాలిలోని తేమ కొద్దిగా నీరవుతుంది, కానీ దానివల్ల రంగు కాస్త మసకబారుతుందే తప్ప కాఫీలా మారదు.

గడ్డకట్టే చలిలో ట్రాక్టర్ కదలనే లేదు. ఇంజన్ మాత్రం బాగానే స్టార్ట్ అయింది.

అడుగున చేరిన నీళ్లు ఐసయి గేర్లను పట్టేసి ఉంటాయి. బెల్టు జారుతున్న వాసన వస్తుంటే ఇంజన్ వెంటనే ఆపేయండి. బలవంతంగా లాగితే పళ్లు విరగొచ్చు. వెచ్చటి గ్యారేజీలో ఒకటి రెండు రోజులు ఉంచి, కరిగాక డ్రెయిన్ ప్లగ్గు తీయండి. మంట పెట్టి కరిగించే ఆలోచన వద్దు, ట్రాక్టర్‌లో పెట్రోల్ ట్యాంకు ఉంది.

లోపల కడగాలా? దేనితో?

ఆయిల్ నల్లగా, శుభ్రంగా వస్తే అక్కర్లేదు. కాఫీ రంగు వస్తే కడగాలి. డీజిల్ గానీ కిరసనాయిలు గానీ ఒక క్వార్టు పోసి, వెనక చక్రాలు స్టాండ్ల మీద గాలిలో ఉండగా, చేత్తో చక్రాలు తిప్పుతూ అన్ని గేర్లూ వేసి తీసి దించేయండి. డీజిల్ పోసి గడ్డి కోయడానికి వెళ్లకండి, దానికి గేర్లను కాపాడే జిడ్డు లేదు. పెట్రోల్ అసలే వద్దు. తర్వాత చవక గేర్ ఆయిల్ పోసి ఒక అరగంట నెమ్మదిగా నడిపి అది కూడా దించి, అప్పుడు మంచిది పోయండి. నీళ్లు బాగా చేరిన పెట్టె అయితే చవక ఆయిల్‌తో ఇంకోసారి చేయాల్సి రావచ్చు. ఓపిక లేదంటే డీజిల్ వదిలేసి చవక ఆయిల్ ఒక్కటే రెండుసార్లు మార్చినా ఫలితం దాదాపు అదే.

ఆయిల్‌లో ఇనుప రజను కనిపించింది. టెన్షన్ పడాలా?

వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా, బూడిద రంగు పేస్టులా తగిలేది ఏళ్ల అరుగుదల, దాన్ని పట్టించుకోవద్దు. గోటికి తగిలే ముక్కలు, సూది లాంటి పుల్లలు, చిన్న గుండ్లు వస్తే అది వేరే కథ. పుల్లలు, గుండ్లు బేరింగులవి, కోసుగా ఉన్న ముక్కలు గేరు పళ్లవి. అప్పుడు కొత్త ఆయిల్ పోసి నడపకండి, విప్పి చూడాల్సిందే. తొట్టి అడుగున అయస్కాంతం తిప్పితే ఏది ఇనుమో ఏది మట్టో తేలిపోతుంది. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గు దొరికితే వేసుకోండి, మంచిదే.

కొత్త ఆయిల్ పోశాక కారడం మొదలైంది. ఎందుకు?

సీల్ ముందే అరిగి ఉంటుంది, దాని చుట్టూ గట్టిపడిన మడ్డి ఇన్నాళ్లూ అడ్డుపడింది. కొత్త ఆయిల్ దాన్ని కడిగేసింది. ఎక్కడ కారుతోందన్నది చూసి తొందర ఎంతో నిర్ణయించుకోండి. బెల్టు పుల్లీ వైపు కారితే బెల్టు తడిసి జారుతుంది. బ్రేకు డ్రమ్ము వైపు కారితే వాలు మీద ట్రాక్టర్ ఆగదు. అది ఆ వారమే బాగుచేయాలి. ఈ రెండూ ఇంట్లో మార్చుకోగల సీల్సే. వెనక ఇరుసు సీల్ మారాలంటే చక్రం హబ్ బయటికి రావాలి, వీల్ హార్స్ హబ్బులు తుప్పుపట్టి ఇరుసును వదలకపోవడంలో పేరుపొందినవి. మంచి పుల్లర్ లేకుండా సుత్తితో బాదితే హబ్ పగులుతుంది. చుక్క చుక్క కారుతుంటే కింద అట్టముక్క వేసి, నెలకోసారి మట్టం చూసుకుంటూ నడుపుకోవడం తప్పేమీ కాదు.

కొంచెం ఎక్కువ పోస్తే నష్టమా?

ఒక కప్పు ఎక్కువైతే ఏమీ కాదు. లీటరు ఎక్కువైతే సీల్స్ గుండా బయటికి వస్తుంది.

మాది కబ్ కెడెట్. మావారిది జాన్ డీర్ 110. ఇదే పద్ధతా?

పని పద్ధతి ఇదే, ఆయిల్ వేరు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1960 చివర్లో తెచ్చిన కబ్ కెడెట్‌లో వెనక భాగానికి హై-ట్రాన్ అనే ఆ కంపెనీ సొంత ఆయిల్ పోయాలి, కేస్ ఐహెచ్ డీలర్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతుంది. వీల్ హార్స్ కంటే ఎక్కువే పడుతుంది. డ్రెయిన్ ప్లగ్గు తీస్తే మడ్డి మొత్తం రాదు, వెనక మూత విప్పి లోపల తుడిచి కొత్త గాస్కెట్ వేస్తేనే శుభ్రమైనట్టు. 1963లో వచ్చిన జాన్ డీర్ 110లో పీర్‌లెస్ కంపెనీ ట్రాన్సాక్సిల్ (గేర్లు, ఇరుసు కలిసి ఉండే పెట్టె), దానికి 90 గేర్ ఆయిల్. చిన్న గడ్డి ట్రాక్టర్లలో వాడిన కొన్ని పీర్‌లెస్ పెట్టెల్లో ఆయిలే ఉండదు, బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన గ్రీజు ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్గు ఎంత వెతికినా కనిపించకపోతే అదే కారణం కావచ్చు.

హైడ్రోస్టాటిక్ సంగతి ఏమిటి?

గేర్ ఆయిల్ మాత్రం పోయకండి. మోడల్‌ని బట్టి కొన్నిటికి ఇంజన్ ఆయిల్, కొన్నిటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. మాన్యువల్ లేకుండా ఊహించి పోసే పని కాదు. ఫిల్టర్ ఉంటే అదీ మారాలి. లోపల పంపు భాగాలు చాలా దగ్గరగా తిరుగుతాయి కాబట్టి చిన్న ఇసుక రేణువు కూడా గీతలు పెడుతుంది. ఆయిల్ మార్చాక కాసేపు ఈల వేసినట్టు మోగితే గాలి చిక్కుకున్నట్టు. చక్రాలు గాలిలో ఉంచి, లివర్‌ని నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఆడిస్తే పోతుంది.

పాత ఆయిల్ ఎక్కడ పారేయాలి?

ఆటోజోన్, ఓ'రైలీ లాంటి ఆటో పార్ట్స్ షాపులు ఇంజన్ ఆయిల్‌తో పాటు గేర్ ఆయిల్ కూడా ఊరికే తీసుకుంటాయి. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్లు కలిసినది, డీజిల్‌తో కడిగినది వాళ్లు తీసుకోకపోవచ్చు, దాన్ని విడి డబ్బాలో పోసి మీ కౌంటీ హజార్డస్ వేస్ట్ సేకరించే రోజున ఇవ్వండి. పెరట్లో గుంట తీసి పోయడం, కంచె కర్రలకు పూయడం మన ఊళ్లలో చూసి ఉంటాం. చుట్టూ చాలా ఇళ్లకు బావి నీళ్లే ఆధారం. అవేవీ చేయకండి.

మార్చాక మళ్లీ ఎప్పుడు చూడాలి?

గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. తేనె రంగులో తేటగా ఉంటే బూటు సరిగ్గా కూర్చున్నట్టు. మసక కనిపిస్తే బూటు అంచు కింద చుట్టూ వేలు పెట్టి తడుముతూ తడి ఎక్కడుందో వెతకండి.